తారలా, సామాన్యులా?

సేకరణాభిరుచి మానవునికి సహజం. తపాలా బిళ్లలో, పాత నాణేలో, అగ్గిపెట్టెల పై బొమ్మలో కూడబెట్టని బాల్యం మనలో అరుదు. ఈ అభిరుచిని ఉర్దూలో 'షౌక్' అంటారు. దానికి లాభాపేక్ష తోడైనప్పుడు అది 'తిజారత్' అవుతుంది. ఈ రెండింటి నడుమ ఉన్న హద్దు ఎప్పుడు చెరిగిపోతుందో చెరిపేవానికే తెలియదు. ఈ సంగతిని విశదం చేయడానికి, అమెరికా దేశంలో బేస్‌బాల్ ఆటగాళ్ల పాత కార్డులను సేకరించేవారి మధ్య చిరకాలంగా నడుస్తున్న ఒక వివాదాన్ని విద్యార్థి మిత్రుల ముందుంచుతున్నాను. ఉన్న డబ్బుతో ఒక మహా క్రీడాకారుని కార్డు కొనడమా, లేక అంతటి పేరు ప్రతిష్ఠలు లేని అనేకుల కార్డులు కొనడమా అనేదే ఆ వివాదం. వినడానికి పిల్లల ఆటవలె తోచినా, మనం దేనికి విలువ కడుతున్నాం, ఎందుకు కడుతున్నాం అనే ప్రశ్న ఇందులో ఇమిడి ఉన్నది.

ముందుగా ఈ కార్డుల పుట్టుపూర్వోత్తరాలు కొంత చెప్పుకోవాలి. అరచేతిలో ఇమిడే దళసరి కాగితంపై ఒక ఆటగాని బొమ్మ ముద్రించి, మొదట సిగరెట్టు పెట్టెలలోను, తరువాత చూయింగ్ గమ్ పొట్లాలలోను పెట్టి అమ్మేవారు. 1909 నుండి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ తన సిగరెట్లతో ఇచ్చిన వరుస నేడు 'టి-206' అనే పేరుతో ప్రసిద్ధం. అందులో ఐదు వందలకు పైగా కార్డులున్నవి. 1933లో గౌడీ అనే గమ్ కంపెనీ, 1952లో టాప్స్ కంపెనీ విడుదల చేసిన వరుసలు కూడా అంతే ప్రసిద్ధమైనవి. టాప్స్ వారి 1952 సెట్టులో 407 కార్డులు. వీటిలో చరిత్రకెక్కిన కొద్దిమంది ఆటగాళ్ల కార్డులను 'స్టార్' కార్డులని, మిగిలిన వందలాది మంది కార్డులను 'కామన్' కార్డులని వ్యవహరిస్తారు. మనం వాటిని తారలు, సామాన్యులు అనుకుందాం.

1991లో ఈ రంగంలోకి ఒక కొత్త పద్ధతి ప్రవేశించినది. పి.ఎస్.ఎ. అనే సంస్థ రుసుము తీసుకొని కార్డులను పరీక్షించడం ప్రారంభించినది. బొమ్మ నడిమధ్యన పడినదా, మూలలు వాడిగా ఉన్నవా, అంచులు చెదరకుండా ఉన్నవా, పైన మడతలు, మరకలు, గీతలు ఉన్నవా అని చూసి, 1 నుండి 10 వరకు ఒక గ్రేడు వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తుంది. తరువాత మరికొన్ని సంస్థలు కూడా ఇదే పని చేపట్టినవి. దీనివలన దూరాన ఉన్న కొనుగోలుదారుకు నమ్మకం కలిగిన మాట నిజమే. కాని అంతవరకు 'నీ దగ్గర ఎవరి కార్డు ఉన్నది?' అని అడిగేవారు, 'నీ కార్డుకు ఎంత గ్రేడు?' అని అడగడం మొదలుపెట్టారు. పాత వివాదం మరింత పదునెక్కినది.

తారల పక్షం వారి వాదాన్ని తేలికగా కొట్టివేయలేము. న్యూయార్క్ యాంకీస్ జట్టు ఆటగాడు మికీ మాంటిల్ పేరు గల 1952 నాటి టాప్స్ కార్డు, 9.5 గ్రేడు పొందినది, 2022లో వేలంలో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయినది. టి-206లోని హోనస్ వాగ్నర్ కార్డు ఒకటి అదే సంవత్సరం 72 లక్షల 50 వేల డాలర్లు పలికినది. తార కార్డును అమ్మదలచినవానికి కొనేవారు ఎక్కడైనా దొరుకుతారు. బేస్‌బాల్ చూడనివారు కూడా ఆ పేర్లు విని ఉంటారు. సామాన్యుల కార్డులు వంద ఉన్నా, అమ్మబోతే అంగడివాడు బరువు చూసినట్లు చూసి గుండుగుత్తగా ఒక ధర చెబుతాడు. సేకర్త మరణించిన తరువాత వాటిని ఏం చేయాలో తోచక కుటుంబం సతమతమవుతుంది. కనుక 'వంద మధ్యరకం వస్తువులకన్న ఒక మేలిరకం వస్తువు మిన్న' అని వారు చెబుతారు. డబ్బు భద్రత ఒక్కటే ప్రమాణమైతే ఈ వాదానికి తిరుగులేదు.

అయితే ఆ ధర దేనికి కొలమానమో విచారించవలసి ఉన్నది. వస్తువు అరుదు కావడం వలన ధర పెరిగినదని సామాన్యంగా అనుకుంటాం. మాంటిల్ కార్డు విషయంలో ఇది పూర్తిగా నిజం కాదు. 1952 సెట్టులో 311వ సంఖ్య నుండి చివరి వరకు గల కార్డులు ఆటల కాలం ముగియవస్తుండగా విడుదలై సరిగా అమ్ముడుపోలేదు. మిగిలిపోయిన పెట్టెలను 1960లో పడవపై తీసుకొనిపోయి అట్లాంటిక్ సముద్రంలో పారవేయించామని ఆ కంపెనీలో పనిచేసిన సై బెర్గర్ తరువాతి కాలంలో చెప్పారు. ఆ భాగపు కార్డులన్నీ ఈ కారణం వలననే అరుదైనవి. మాంటిల్ కార్డు సంఖ్య 311. కాని ముద్రణ పత్రంపై మాంటిల్, జాకీ రాబిన్సన్, బాబీ థామ్సన్ అనే ముగ్గురి కార్డులు రెండేసి చోట్ల అచ్చుపడినవి. అనగా ఆ భాగంలోని పేరులేని ఆటగానికన్న మాంటిల్ కార్డులే రెట్టింపు అచ్చయినవి. అయినా సామాన్యుని కార్డు వందలలోనో వేలలోనో ఉంటే మాంటిల్ కార్డు కోటి దాటినది. అచ్చయిన కార్డుల లెక్కకు ఈ ధరతో సంబంధం లేదు. కోరేవారి లెక్కయే దానిని నిర్ణయించినది.

ఇందుకు ప్రతిగా సామాన్యుని కార్డు ప్రియమైన సందర్భాలు లేకపోలేదు. టి-206లో జో డాయిల్ అనే బౌలరు ఉన్నాడు. ఆయన అమెరికన్ లీగ్‌కు చెందిన న్యూయార్క్ జట్టువాడు. నేషనల్ లీగ్‌లోని న్యూయార్క్ జట్టులో లారీ డాయిల్ అనే మరొక ఆటగాడు ఉండడంతో, అచ్చువేసినవారు పొరపడి జో డాయిల్ కార్డుపై నేషనల్ లీగ్ అని ముద్రించారు. తప్పు గ్రహించి దిద్దేలోగా కొన్ని కార్డులు బయటపడినవి. నేడు అవి లక్షల డాలర్లు పలుకుతున్నవి. 1952 టాప్స్ సెట్టులో మొదటి కార్డు ఆండీ పాఫ్‌కోది. మంచి ఆటగాడే గాని మాంటిల్ వంటి మహాతార కాదు. ఆనాటి బాలురు తమ కార్డులను సంఖ్యాక్రమంలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవారు. దొంతరలో అందరికన్న పైన ఉన్న పాపానికి ఆ రబ్బరు ఒత్తిడి, చేతి చెమట, బల్ల రాపిడి పాఫ్‌కోనే భరించాడు. అందువలన చెక్కుచెదరని పాఫ్‌కో కార్డు దుర్లభమైనది. 10 గ్రేడు పొందిన ఒక ప్రతి 1998లో 80 వేల డాలర్లకు పైగా ధర పలికినది. డాయిల్ ధరకు అచ్చుతప్పు కారణం, పాఫ్‌కో ధరకు రబ్బరు బ్యాండు కారణం. వారి ఆటకు ఆ ధరతో ప్రమేయం లేదు.

కాబట్టి ఒక కార్డులో మూడు వేర్వేరు విషయాలున్నవని గ్రహించాలి. మొదటిది మనిషి, ఆయన ఎలా ఆడాడు, ఎలా బ్రతికాడు అనేది. రెండవది కాగితం, అది ఎంత చెదరకుండా మిగిలినది అనేది. మూడవది కొనుగోలుదారు, దానికోసం ఎందరు పోటీపడుతున్నారు అనేది. తార, సామాన్యుడు అనే మాటలు మనిషికి సంబంధించినవి. గ్రేడు కాగితానికి సంబంధించినది. ధర కొనుగోలుదారుకు సంబంధించినది. ఒకదాని విలువను మరొకదానికి అంటగట్టినప్పుడే సేకర్త మోసపోతాడు. పెద్ద ధర పలికిన కారణంగా ఆ మనిషి గొప్పవాడని అనుకోవడం, చిన్న ధర పలికిన కారణంగా ఆ మనిషి అల్పుడని అనుకోవడం ఈ పొరపాటుకే రెండు రూపాలు.

సామాన్యుల పక్షం వహించేవారిలో కూడా ఈ పొరపాటు చేసేవారున్నారు. పి.ఎస్.ఎ. సంస్థ తన వద్ద గ్రేడు పొందిన సెట్టులను నమోదు చేసుకొని, ఎవరి సెట్టు శ్రేష్ఠమైనదో వరుస క్రమం ప్రకటిస్తున్నది. ఏ కార్డుకు ఏ గ్రేడులో ఎన్ని ప్రతులున్నవో కూడా లెక్క ప్రకటిస్తున్నది. మొదటి స్థానం కోరే ఇద్దరు ముగ్గురు ధనవంతులు, 9 గ్రేడులో రెండే ప్రతులున్న ఒక అనామకుని కార్డు కోసం వేలంలో తలపడితే దాని ధర ఆకాశాన్నంటుతుంది. ఆ ధర ఎంతకాలం నిలుస్తుంది? అటకమీది పెట్టెలోనుండి మరి నాలుగు మంచి ప్రతులు బయటపడి గ్రేడు పొందితే, లేదా పోటీదారులలో ఒకరు విరమించుకుంటే, కొన్నవాని చేతిలో మిగిలేది అదే అనామకుని బొమ్మ. సామాన్యులపై మక్కువతో కొన్నవానికి అందులో నష్టం లేదు. వరుసలో మొదటి స్థానం కోసం కొన్నవానికి మాత్రం అది తీరని నష్టం.

గ్రేడును దైవవాక్కుగా నమ్మేవారికి వాగ్నర్ కార్డు కథ ఒక హెచ్చరిక. తన బొమ్మను పొగాకు కంపెనీ వాడుకొనడానికి వాగ్నర్ సమ్మతించకపోవడంతో ఆ కార్డు ముద్రణ ఆగినది. నేడు సుమారు 60 ప్రతులు మాత్రమే మిగిలి ఉన్నవని అంచనా. వాటిలో శ్రేష్ఠమైనదిగా పేరొందిన ప్రతిని 1991లో ప్రసిద్ధ హాకీ క్రీడాకారుడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి 4 లక్షల 51 వేల డాలర్లకు కొన్నారు. పి.ఎస్.ఎ. గ్రేడు వేసిన మొట్టమొదటి కార్డు అదే. దానికి 8 గ్రేడు వచ్చినది. 2007లో అది 28 లక్షల డాలర్లకు చేతులు మారినది. ఆ కార్డు అంచులను తానే కత్తిరించానని, వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో న్యాయస్థానం ఎదుట ఒప్పుకున్నాడు. అన్నిటికన్న పేరెన్నిక గన్న కార్డు విషయంలోనే ఇట్లా జరిగితే తక్కినవాటి మాట ఏమి? వంచన ఎక్కడ లాభమున్నదో అక్కడికే పోతుంది. మూడు డాలర్ల సామాన్యుని కార్డుకు దొంగ ప్రతి తయారుచేసే శ్రమ ఎవరూ తీసుకోరు. కొత్తగా కన్ను తెరిచేవాడు అసలు కాగితం స్పర్శను, ఆనాటి సిరా రంగును, అంచు కోతను నేర్చుకోవడానికి సామాన్యుల కార్డులకు మించిన బడి లేదు.

సెట్టు పూర్తి చేయాలనే పట్టుదలలో కూడా ఒక ఉచ్చు ఉన్నదని మరువరాదు. గౌడీ కంపెనీ 1933లో 240 సంఖ్యలు గల సెట్టు విడుదల చేస్తూ 106వ కార్డును అసలు ముద్రించనేలేదు. ఆ ఒక్కటి దొరకని బాలురు గమ్ కొంటూనే ఉంటారని దాని ఎత్తు. ఫిర్యాదులు రావడంతో 1934లో నాప్ లాజొవే బొమ్మతో ఆ కార్డు అచ్చువేసి, ఉత్తరాలు రాసినవారికి పంపినది. బాలుని ఆశను కంపెనీ ఎలా వాడుకొన్నదో, పెద్దవాని అహంకారాన్ని వరుసక్రమపు పట్టిక అలాగే వాడుకొంటున్నది. సంపూర్ణత్వం ఆదర్శంగా ఉండవచ్చు గాని బానిసత్వంగా పరిణమించరాదు.

మరి సేకరణకు సరియైన మార్గమేది? దీనికి సమాధానంగా జెఫర్సన్ బర్డిక్ అనే సామాన్యుని జీవితం చూపవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ నగరంలో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసిన ఉద్యోగి ఆయన. కీళ్లవాతంతో బాధపడేవాడు. ఆస్తిపాస్తులు లేవు. అయినా 3 లక్షలకు పైగా కార్డులను, ముద్రిత చిత్రాలను సేకరించాడు. వాటిలో 30 వేలకు పైగా బేస్‌బాల్ కార్డులే. 1939లో తొలి సమగ్ర పట్టిక ప్రచురించి, ఏ కార్డు ఏ వరుసకు చెందినదో నిర్ణయించాడు. 'టి-206' అనే పేరు కూడా ఆయన పద్ధతి ప్రకారం ఏర్పడినదే. 1947 నుండి తన సంపదనంతా న్యూయార్క్ లోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి దానమిచ్చి, వంకరపోయిన వ్రేళ్లతో తానే వాటిని పుస్తకాలలో అంటించాడు. 1963 జనవరిలో ఆ పని ముగిసినది. అదే సంవత్సరం మార్చిలో ఆయన మరణించాడు. ఆయన సేకరణలో వాగ్నర్ కార్డు కూడా ఉన్నది. దాని పొరుగున పేరులేనివారూ ఉన్నారు. జిగురుతో అంటించిన ఆ కార్డులకు నేటి పరీక్షకులు మంచి గ్రేడు వేయరు. అయినా ఆ దేశపు ముద్రణ చరిత్రను రాయదలచినవాడు ఎవరైనా ఆ పుస్తకాల దగ్గరకే పోవాలి.

బర్డిక్ మార్గం వలన మరొక ప్రయోజనం ఉన్నది. అందరినీ వరుసగా పేర్చినవానికి మాత్రమే ఎవరు లేరో కనిపిస్తుంది. టి-206లో టై కాబ్‌కు నాలుగు కార్డులున్నవి. 1933 గౌడీ సెట్టులో బేబ్ రూత్‌కు నాలుగున్నవి. కాని ఆ రెండు సెట్టులలో ఒక్క నల్లజాతి అమెరికన్ ఆటగాడు కూడా లేడు. 1947లో జాకీ రాబిన్సన్ ప్రవేశించే వరకు ప్రధాన లీగులు వారికి తలుపులు మూసి ఉంచినవి. నీగ్రో లీగుల మహాక్రీడాకారుడు జాష్ గిబ్సన్ అదే సంవత్సరం జనవరిలో, రాబిన్సన్ రంగప్రవేశానికి మూడు నెలల ముందు, కన్నుమూశాడు. ఆయన బ్రతికి ఉండగా ఆ దేశపు పెద్ద కంపెనీ ఏదీ ఆయన కార్డు వేయలేదు. 2024లో నీగ్రో లీగుల లెక్కలను ప్రధాన లీగుల లెక్కలలో చేర్చినప్పుడు గిబ్సన్ సగటు .372 గా తేలి, .367 గల టై కాబ్‌ను దాటి మొదటి స్థానానికి చేరినది. తారయై ఉండి కార్డుకే నోచుకోని మనిషి ఆయన. తారలను మాత్రమే కొనేవాడు, అంగడిలో ఉన్న తారలను మాత్రమే చూస్తాడు. అంగడికి రానివ్వని తార ఒకడున్నాడనే ఊహ అతనికి ఎన్నటికీ కలగదు.

ఇంతకూ నా అభిప్రాయం ఇది. స్వల్ప ఆదాయం గలవాడు సామాన్యులతో ఆరంభించాలి. ఒక జట్టునో, ఒక సంవత్సరాన్నో ఎంచుకొని, చూపుకు ఇంపుగా ఉన్న మధ్యరకపు గ్రేడు కార్డులను సమకూర్చుకోవాలి. కొద్ది డాలర్ల కార్డుకు 20 డాలర్లకు పైగా రుసుము చెల్లించి గ్రేడు వేయించడం అవివేకం. దానిని పుస్తకంలో భద్రపరిస్తే చాలును. అత్యున్నత గ్రేడు కోసం పదింతలు, ఇరవై ఇంతలు చెల్లించే పోటీలో దిగరాదు. ప్రతి కార్డు వెనుకవైపు చదివి, ఆ మనిషి ఎక్కడ పుట్టాడో, ఎన్నాళ్లు ఆడాడో తెలుసుకోవాలి. ఆ తరువాత ఒక తార కార్డు కొనాలనిపిస్తే, మూలలు అరిగినదైనా సరే, తాను నిజంగా అభిమానించే మనిషిది ఒక్కటి కొనవచ్చు. అప్పటికి అది ఎందుకు ప్రియమైనదో తెలిసి కొన్నవాడవుతాడు. డబ్బు పెంచుకోవడమే లక్ష్యమైనవాడు మాత్రం తారలనే కొనుక్కోవచ్చు. అయితే తాను చేస్తున్నది తిజారత్ అని అంగీకరించి, దానికి షౌక్ అనే పేరు పెట్టకుండా ఉంటే చాలును.

అమెరికా కార్డులతో మనకేమి పని అని కొందరు అడగవచ్చు. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే వేళకు సంగీత గడియారం ఎదుట జనం గుమిగూడతారు. మేలిముసుగు రెబెక్కా శిల్పాన్ని చూడకుండా ఎవరూ తిరిగి రారు. అవి ఆ భవనంలోని తారలు. కాని ఆ మ్యూజియంలో చేతికర్రలున్నవి, ఆటబొమ్మలున్నవి, పింగాణీ పాత్రలున్నవి. ఒక కాలం వారు ఏమి పట్టుకొని నడిచారో, వారి పిల్లలు దేనితో ఆడుకున్నారో చెప్పగలిగినవి ఇవే. గడియారం ఒక్కటే మిగిలి ఇవన్నీ పోయి ఉంటే, మనకు ఒక వింత మిగిలేది గాని ఒక కాలం మిగిలేది కాదు.

ఈ దృష్టితో మన కళాశాల కార్యవర్గం వారికి ఒక మనవి చేసుకుంటున్నాను. ప్రతి సంవత్సరం మనం క్రీడా జట్ల ఛాయాచిత్రాలు తీయిస్తాం. కప్పు గెలిచిన జట్టు చిత్రం గోడకెక్కుతుంది; నాయకుని పేరు దానికింద ఉంటుంది. ఓడిన జట్టు చిత్రాన్ని కూడా అంతే శ్రద్ధతో భద్రపరచాలి. ప్రతి చిత్రం వెనుక, నిలుచున్నవారు, కూర్చున్నవారు, అవకాశం రాక బయట మిగిలిన పన్నెండవ ఆటగాడు అందరి పేర్లు, సంవత్సరంతో సహా తెలుగులోను, ఉర్దూలోను రాయించాలి. ఈ పనికి అయ్యే ఖర్చు ఒక కలం, ఒక మధ్యాహ్నం. ముప్పై ఏళ్ల తరువాత ఎవరి కుమారుడో కుమార్తెయో గ్రంథాలయానికి వచ్చి తన తండ్రి పేరు వెదికినప్పుడు, ఆ పేరు అక్కడ ఉండాలి.